మైకు వదలకుండానే రాయి

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న ఆశీస్సులు. ఫోన్లో నువ్వన్న మాట రాత్రి నిద్రపోనివ్వలేదు. స్టాండప్ కామెడీ మానేసి నవల రాస్తానన్నావు, వీలైతే నాటకం కూడా. రాయి. కానీ మానెయ్యడం దేనికి?

నేను మాంచెస్టర్ వచ్చిన కొత్తలో, 1980ల్లో, ఛానెల్ 4లో ఒక కళ్ళజోడు కుర్రాడు తళతళలాడే కోటు వేసుకుని ఊపిరి తీసుకోకుండా మాట్లాడేవాడు. అప్పటి ప్రధాని థాచర్‌ని ఉతికి ఆరేసేవాడు. ఆ వేగానికి నాకు సగమే అర్థమయ్యేది. అతనే బెన్ ఎల్టన్. డ్రామా చదివింది మా ఊరి యూనివర్సిటీలోనే. 1989లో అతని మొదటి నవల ‘స్టార్క్’ వచ్చింది. అదే ఏడాది రిచర్డ్ కర్టిస్ అనే ఇంకో రచయితతో కలిసి రాసిన ‘బ్లాక్యాడర్’ అనే టీవీ కామెడీ నాలుగో సీరీస్ బీబీసీలో వచ్చింది. మరుసటి ఏడాది లండన్ హేమార్కెట్ థియేటర్‌లో ‘గ్యాస్పింగ్’ నాటకం, టీవీలో మళ్ళీ స్టాండప్. అంటే అతను ఏదీ వదిలిపెట్టి రాలేదు.

నువ్వు ముందు చూసుకోవాల్సింది, నీ కడుపులో ఉన్న ఏ కోపం ఐదు నిమిషాల సెట్‌లో ఇమడటం లేదా అని. ఎల్టన్‌కి అది డబ్బున్నవాళ్ళు భూమిని పాడుచేస్తున్నారన్న కోపం. ‘స్టార్క్’లో కోటీశ్వరులు లోకాన్ని నాశనం చేసి రాకెట్లెక్కి పారిపోవాలని చూస్తారు. అంత కథ మైకు ముందు చెబితే జనం లేచిపోతారు. ‘గ్యాస్పింగ్’లో ఒక కంపెనీ గాలిని అమ్ముకుంటుంది. గాలికి బేరం పెట్టడం నోటితో చెబితే ఒక జోకు, మనుషులు ఎదురుగా నిలబడి బేరమాడితే నాటకం. అదే కోపం, వేరే పాత్రలో వండాడు.

నాటకం సంగతి వచ్చింది కాబట్టి నా పరువు నేనే తీసుకుంటాను. ఒక ఉగాదికి ఇక్కడి మనవాళ్ళ కోసం పదకొండు పాత్రలు, ఆరు సీన్లతో హాస్య నాటిక రాశాను. కాగితం మీద బ్రహ్మాండం. ఆ రోజు ఇద్దరికి నైట్ డ్యూటీ పడింది. ప్రతి సీనుకీ సోఫా మోస్తుంటే, నాటకం కంటే ఆ మోతకే ఎక్కువ నవ్వారు. ఎల్టన్ ‘పాప్‌కార్న్’ చదివాక గానీ నా తప్పు తెలిసిరాలేదు. హింసాత్మక సినిమాలు తీసే హాలీవుడ్ డైరెక్టర్ ఆస్కార్ గెలుచుకుని ఇంటికొస్తే, హంతకుల జంట అతని ఇంట్లోనే కూర్చుని ఉంటుంది. ఒక ఇల్లు, ఒక రాత్రి, బయటికి పోలేని మనుషులు. అందుకే స్టేజి మీదికి అంత సులువుగా ఎక్కిందని నా లెక్క. నవలగా 1996లో క్రైమ్ నవలలకిచ్చే గోల్డ్ డాగర్, నాటకంగా 1998లో లండన్ నాటకాలకిచ్చే ఒలీవియే అవార్డు కొట్టింది. నీ మొదటి నాటకానికి ఒక గది, నలుగురు మనుషులు చాలు. సోఫా కదపొద్దు.

‘బ్లాక్యాడర్’ కూడా అంతే. మొదటి సీరీస్ కోటలు, గుర్రాలతో ఖర్చెక్కువైంది. ఎల్టన్ రెండోదానికి చేరాడు, కథ స్టూడియోలోకి వచ్చింది, మాటలకు పదును పెరిగింది. అతనూ కర్టిసూ విడివిడిగా రాసి మార్చుకునేవారు. ఒకరు కొట్టేసిన జోకుని రెండోవారు మళ్ళీ పెట్టకూడదని ఒప్పందం. నీకూ అలాంటి ఫ్రెండ్ ఒకడు కావాలి. నిన్ను మెచ్చుకునేవాడు కాదు, కొట్టేసేవాడు.

నవల దగ్గర మీ స్టాండప్ వాళ్ళకో జబ్బు ఉంటుంది, ప్రతి పేరా చివరా చప్పట్లు కావాలి. ‘స్టార్క్’లోనూ అక్కడక్కడ మైకు వినబడుతుందనే అంటాను. 2005లో వచ్చిన ‘ది ఫస్ట్ క్యాజువాల్టీ’ చూడు. మొదటి ప్రపంచ యుద్ధానికి పోనని మొరాయించిన పోలీసాయన్ని ఒక హత్య విచారణకు ఆ యుద్ధంలోకే పంపిస్తారు. అక్కడ రచయిత పక్కకు తప్పుకుని ఆయన్ని నడవనిచ్చాడు. అది రావడానికి అతనికి పదహారేళ్ళు పట్టింది. నువ్వేమో ఆరు నెలలంటున్నావు!

రివ్యూల టెన్షన్ ఇప్పటినుంచే పెట్టుకోకు. 2002లో క్వీన్ బ్యాండ్ పాటలతో ఎల్టన్ రాసిన సంగీత నాటకం ‘వి విల్ రాక్ యూ’ని విమర్శకులు చీల్చి చెండాడారు, అది లండన్ డొమినియన్ థియేటర్‌లో 2014 దాకా ఆడింది. 2013లో ‘ది రైట్ వే’ సిట్‌కామ్‌నీ తిట్టారు, అది ఒక్క సీరీస్‌తో ఆగిపోయింది. మూడేళ్ళకు షేక్స్‌పియర్ మీద ‘అప్‌స్టార్ట్ క్రో’ రాశాడు, మళ్ళీ జనం చూశారు.

వచ్చే శనివారం నీ ఓపెన్ మైక్ మానకు. అందులో పేలని జోకులు ఒక కాగితం మీద రాసి ఉంచు. నవ్వు రాకపోయినా మళ్ళీ మళ్ళీ చెప్పాలనిపించినవి ఏవో వాటి పక్కన టిక్కు పెట్టు. ఈస్టర్ సెలవులకు వచ్చినప్పుడు పట్టుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం. కొట్టేసే పెన్ను నా చేతిలో ఉంటుంది. పెద్దమ్మ గోంగూర దొరికిందని చెప్పమంది.

పెదనాన్న