కర్నెల్‌లో వేరియబుల్‌ని రీడ్-ఓన్లీ చేయడానికి కాన్స్ట్ సరిపోతుందా?

"నా లైనక్స్ డ్రైవర్‌లో ఒక వేరియబుల్ బూట్ అయ్యేటప్పుడు ఒక్కసారే సెట్ అవుతుంది, ఆ తర్వాత మారదు. కాన్స్ట్ చాలా, ఆర్‌వో-ఆఫ్టర్-ఇనిట్ పెట్టాలా?" అన్నది మీ ప్రశ్న. కాన్స్ట్ అంటే ఎప్పుడూ రాయకూడదని; ఆర్‌వో-ఆఫ్టర్-ఇనిట్ అంటే కర్నెల్ మొదలయ్యే దశ (ఇనిట్) అయ్యాకే రీడ్-ఓన్లీ చేయమని. ఒక్కసారైనా రాయాలి కాబట్టి కాన్స్ట్ కుదరదు, రెండోదే పెట్టాలి. కాకపోతే మీ వేరియబుల్ నిజంగా ఇనిట్‌లోనే సెట్ అవుతోందా అన్నది ముందు తేల్చుకోండి. నేను తేల్చుకోకుండా పెట్టి ఐదు రోజులు తిరిగాను.

అప్పట్లో ఒక ఆర్మ్64 బోర్డుకి డిస్‌ప్లే డ్రైవర్ రాస్తున్నాం. చిప్ వెర్షన్ చదివి ఒక గ్లోబల్‌లో దాచుకునేవాళ్ళం. ఎలాగూ మారదు కదా అని దానికి ఆర్‌వో-ఆఫ్టర్-ఇనిట్ తగిలించాను. నా టేబుల్ మీది బోర్డు ఎన్నిసార్లు బూట్ చేసినా బాగానే లేచింది. టెస్టింగ్ కుర్రాడు మాత్రం రోజూ వచ్చి "అన్నా, మళ్ళీ పడిపోయింది" అనేవాడు. సీరియల్ లాగ్ చూస్తే, రీడ్-ఓన్లీ మెమరీలోకి కర్నెల్ రాయబోయిందని ఊప్స్ (కర్నెల్‌లో తప్పు జరిగినప్పుడు వచ్చే మెసేజ్). అడ్రస్ తీసుకెళ్ళి, కర్నెల్‌లోని పేర్లూ వాటి అడ్రస్‌ల జాబితా అయిన సిస్టమ్.మ్యాప్‌లో వెతికితే అది నా వేరియబులే!

ఒకే కోడ్, ఒకే రకం బోర్డు. చివరికి రెండు కాన్ఫిగ్ ఫైళ్ళు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్క లైను తేడా కనిపించింది. ప్యానెల్‌కి కరెంటిచ్చే రెగ్యులేటర్ డ్రైవర్ నా దగ్గర కర్నెల్‌లోనే బిల్ట్-ఇన్, టెస్టింగ్ వాళ్ళ బిల్డ్‌లో మాడ్యూల్ (తర్వాత విడిగా లోడ్ అయ్యే ముక్క). రెగ్యులేటర్ దొరక్కపోతే మా ప్రోబ్ (డ్రైవర్ డివైస్‌ని సెటప్ చేసే ఫంక్షన్, చిప్ వెర్షన్ చదివేది అందులోనే) వాయిదా పడుతుంది. రూట్ ఫైల్‌సిస్టమ్ నుంచి ఆ మాడ్యూల్ లోడ్ అయ్యాక ప్రోబ్ మళ్ళీ నడుస్తుంది. కానీ ఇనిట్‌కాల్స్ (బూట్‌లో నడిచే ఇనిట్ ఫంక్షన్లు) అన్నీ అయిపోయి, ఇనిట్ మెమరీని వదిలేసి, మొదటి యూజర్ ప్రాసెస్‌ని లేపకముందే కర్నెల్ ఆర్‌వో-ఆఫ్టర్-ఇనిట్ వేరియబుళ్ళున్న మెమరీ పేజీలకి తాళం వేసేస్తుంది. మా ప్రోబ్ వచ్చేసరికే తలుపు మూసి ఉంది.

ఇక్కడ నాకు ఒళ్ళు మండిన సంగతి చెప్పాలి. డెమో దగ్గర పడిందని మా లీడ్ బూట్ఆర్గ్స్‌లో (కర్నెల్‌కి ఇచ్చే బూట్ పారామీటర్లలో) రోడేటా=ఆఫ్, అంటే రీడ్-ఓన్లీ డేటాకి రక్షణ ఆపేయమని, పెట్టించారు. దాంతో నా వేరియబుల్ ఒక్కటే కాదు, కర్నెల్‌లోని ఫంక్షన్ పాయింటర్ల టేబుళ్ళన్నీ బార్లా తెరిచినట్టే. డెమో అయ్యాక తీసేద్దాం అన్నారు. ఆ ముక్క రిలీజ్ బిల్డ్ దాకా వెళ్ళిపోయింది. నేను పట్టుకుని గొడవ చేస్తే గానీ తీయలేదు. నెట్‌లో కూడా ఇలాంటి ఊప్స్‌కి ఇదే మందని రాస్తుంటారు, దయచేసి వినకండి. ఆ ఊప్స్ మీ శత్రువు కాదు. రాయకూడని చోట ఎవరు రాస్తున్నారో స్టాక్‌తో సహా పట్టిస్తోంది. 2016లో 4.6 వెర్షన్‌లో కర్నెల్ డెవలపర్ కీస్ కుక్ ఆర్‌వో-ఆఫ్టర్-ఇనిట్‌ని మెయిన్‌లైన్ (అసలు లైనక్స్ కర్నెల్) లోకి తెచ్చారు. ఆలోచన అంతకుముందే పాక్స్ అనే భద్రతా ప్యాచ్‌లలో ఉంది. అంత కష్టపడి తెచ్చినదాన్ని ఒక్క బూట్ పారామీటర్‌తో పక్కన పడేస్తే ఎలా?

మేం చేసిన రిపేరు చిన్నదే. ప్రోబ్‌లో తెలిసే విలువని గ్లోబల్‌లోంచి తీసి, ఆ డివైస్ సొంత స్ట్రక్చర్‌లోకి మార్చాం. అది మొదటినుంచీ అక్కడే ఉండాల్సింది. అదే బోర్డు మీద రెండో డిస్‌ప్లే పెట్టి ఉంటే ఆ గ్లోబల్ ఎలాగూ తన్నేసేది. ఇనిట్ ఫంక్షన్‌లోనే సెట్ అయ్యే మరో రెండు వేరియబుళ్ళకి ఆర్‌వో-ఆఫ్టర్-ఇనిట్ అలాగే ఉంచాం.

కాన్స్ట్ గురించి కూడా ఒక మాట, ఎందుకంటే రివ్యూల్లో నేను ఎక్కువగా కొట్టేసేది దీన్నే. పేర్ల టేబుల్‌కి "స్టాటిక్ కాన్స్ట్ చార్ స్టార్" అని రాసి రీడ్-ఓన్లీ అయిపోయిందనుకుంటారు. స్ట్రింగులు రోడేటాలోకి వెళ్తాయి గానీ, వాటిని చూపించే పాయింటర్ల అరే మాత్రం మామూలు డేటాలోనే రాయడానికి వీలుగా ఉంటుంది. స్టార్ తర్వాత ఇంకో కాన్స్ట్ పడాలి. దీన్ని కర్నెల్ ప్యాచ్‌లని తనిఖీ చేసే చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్ కూడా హెచ్చరిస్తుంది, చాలామంది ఆ వార్నింగ్ చదవరు.

మీ వేరియబుల్ ఎక్కడ పడిందో అనుమానంగా ఉంటే సిస్టమ్.మ్యాప్ తెరిచి, ఆర్‌వో-ఆఫ్టర్-ఇనిట్ మొదలు, చివర గుర్తుల మధ్య దాని అడ్రస్ ఉందో లేదో చూడండి. ఆ తర్వాత మీరు ఆధారపడే డ్రైవర్లన్నిటినీ మాడ్యూల్స్‌గా మార్చి ఒకసారి బూట్ చేయండి.