మూటలో ఏం సర్దుకుంది?

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. అమెరికా నుంచి తీసుకున్న నీ బానిస తల్లి బిడ్డను పొదువుకుని ఏడవడానికి మూడు పేజీలిచ్చావు. ఆమె ఏం చేసిందో మూడు వాక్యాల్లో తేల్చేశావు. ఆ లెక్క తిరగెయ్యి.

1852లో పుస్తకంగా వచ్చిన హేరియట్ బీచర్ స్టోవ్ నవల 'అంకుల్ టామ్స్ క్యాబిన్'లో బానిస తల్లి ఎలైజా ఘట్టం మళ్లీ చదువు. ఒహాయో నది మంచుపలకల మీద ఆమె గెంతడమే అందరికీ గుర్తుంటుంది. నువ్వు ఆ ముందు రాత్రి చూడు. కొడుకును అమ్మేశారని చాటునుంచి వింది. యజమానురాలికి పెన్సిల్‌తో చిన్న ఉత్తరం రాసిపెట్టింది. బట్టలు మూటగట్టింది. రంగుల చిలుక బొమ్మను మాత్రం విడిగా ఉంచుకుంది, నిద్రలేపినప్పుడు పిల్లాణ్ణి మురిపించడానికి. దారిలో ఆపిల్ పండు ముందుకు దొర్లిస్తే వాడు దాని వెంట పరుగెత్తేవాడు. అలా ఎంతో దూరం నడిపించింది. భయంతో గుండె అదురుతున్నా బుర్ర పనిచేయడం, ఆమె ధైర్యమంటే అదీ. స్టోవ్ ఆమెను దాదాపు తెల్లమనిషిలా చిత్రించడం నాకు నచ్చదు. తెల్లపాఠకుల జాలికి అది దగ్గరిదారి. నువ్వు ఆ దారి పట్టకు.

ఇక చట్టం. కథ మొదలెట్టకముందే అది నీకు తెలిసుండాలి. 1662లో వర్జీనియా చేసిన చట్టం ప్రకారం బిడ్డకు తల్లి స్థితే వస్తుంది. తండ్రి యజమానే అయినా సరే, బానిస కడుపున పుట్టినవాడు బానిసే. అమెరికా అంతటికీ వచ్చిన 1850 చట్టంతో, పారిపోయిన బానిసలకు ఆశ్రయమిస్తే 1000 డాలర్ల దాకా జరిమానా, 6 నెలల దాకా జైలు. నది దాటగానే నీ కథ అయిపోయింది చూడు, తప్పు అక్కడే జరిగింది. ఆవలి గట్టున బానిసత్వం లేకపోయినా, ఆ చట్టంతో అక్కడ కూడా ఆమెను పట్టుకోవచ్చు. అందుకే ఎలైజా కెనడా దాకా పోవాలి.

పరుగే ధైర్యమనుకోకు. బానిసగా పుట్టిన హేరియట్ జేకబ్స్ 1861లో అచ్చువేసిన పుస్తకం కల్పన కాదు, ఆమె బతుకే. నార్త్ కరొలైనాలోని ఈడెంటన్‌లో అమ్మమ్మ ఇంటి చూరు కింద, 9 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, ఎత్తైనచోట 3 అడుగులుండే అరలో దాదాపు 7 ఏళ్లు దాక్కుంది. నిటారుగా నిలబడే వీల్లేదు. చెక్కకు తొలిచిన కన్నంలోంచి కింద తిరిగే పిల్లల్ని చూసేది, పిలవలేకపోయేది. తాను ఉత్తరాదికి పారిపోయిందని యజమాని నమ్మేలా, అక్కణ్నుంచి ఉత్తరాలు పోస్టు చేయించింది. అలాంటి తల్లిని రాయాలంటే ముందు కాళ్ల తిమ్మిరి రాయి, ఎండాకాలం ఆ చూరు కింది ఉక్క రాయి. 'భూదేవంత ఓర్పు' అన్నావో, ఆ మనిషి మాయమైపోతుంది.

నీ కథ మొదటి పేజీ మళ్లీ రాయి. నెల ఏది, నదికి ఎన్ని మైళ్లు, పిల్లాడికి ఎన్నేళ్లు, ఎంతదూరం నడవగలడు, మధ్యలో ఏడిస్తే ఆమె చేతిలో ఏముంది? కన్నీళ్లు తర్వాత చూద్దాం. ఆ ఒక్క పేజీ పంపు, చదువుతాను.