నేను రారాజు పార్టీ, ముందే చెప్పేస్తున్నా

"కావ్యాల్లో నాయకులకి అహంకారం బలమా, లోపమా?" అని అడిగారు. అందరూ రావణాసురుడి మీద పడతారని తెలుసు. నాకు మాత్రం దుర్యోధనుడే.

శల్యపర్వంలో మడుగు ఘట్టం గుర్తుందా? 11 అక్షౌహిణుల సైన్యం పోయి, తమ్ముళ్ళందరూ పోయి, నీళ్ళలో దాక్కున్నాడు. ధర్మరాజొచ్చి మా అయిదుగుర్లో ఒక్కణ్ణి గెలువు, రాజ్యం నీదే అంటాడు. కృష్ణుడికి ఒళ్ళు మండిపోయింది, వాడు నకులుణ్ణో సహదేవుణ్ణో రమ్మంటే మన గతేంటయ్యా అని ధర్మరాజుకి గడ్డిపెట్టాడు. కానీ దుర్యోధనుడు వాళ్ళని అడగలా. భీముడితోనే తలపడ్డాడు. తొడలు విరిగాయి, నిజమే, నకులుణ్ణి ఏరుకుని గెలిచుంటే మాత్రం వాడి పద్యాలు ఎవడు పాడేవాడు?

ఈ పిచ్చి మా తాతయ్య వల్ల పట్టింది. చిక్కడపల్లిలో ఉండేవాళ్ళం, పద్యనాటకం ఎక్కడున్నా నన్ను లాక్కెళ్ళేవాడు. ఒకరోజు సరిగ్గా దుర్యోధనుడి పద్యానికి మైకు పోయింది. వేషం వేసినాయనకి అరవై దాటుంటాయి, మీసం ఒక పక్క ఊడొస్తోంది, పక్కనుంచి నిర్వాహకుడు ఆపెయ్యమని చెయ్యి ఊపుతున్నాడు. ఈయన చూడనట్టే స్టేజి అంచుదాకా వచ్చి, ఓ చేత్తో మీసం నొక్కిపట్టుకుని పద్యం ఎత్తుకున్నాడు, ఆ రాగానికి వెనక వరసలో పల్లీలు వొలిచే చప్పుడు కూడా ఆగిపోయింది. మధ్యలో ఓ కుర్రాడు మైకు బాగుచేసి తెచ్చి పెడితే గదతో పక్కకి నెట్టేశాడు! వన్స్ మోర్ అన్న గొంతుల్లో మా తాతయ్యదే పెద్దది.

తర్వాత బయట టీ బండి దగ్గర కనపడ్డాడు, చెవుల వెనక రంగు ఇంకా పోలేదు. తాతయ్య వంద నోటు ఇవ్వబోతే "వద్దండీ, టీ ఇప్పించండి చాలు" అని, తాగేసి, భీముడి స్కూటర్ వెనకెక్కి గద ఒళ్ళో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

దుర్యోధనుణ్ణి అభిమానధనుడు అన్నారు మనవాళ్ళు, అంటే ఆత్మగౌరవమే ఆస్తి అయినవాడు. ఇప్పుడు అభిమాని అంటే కటౌట్‌కి పాలు పోసేవాడు, మంచి మాటని పాడు చేసి పెట్టాం.

ఇదంతా చెప్పి ఇంకోటి దాచకూడదు. ఇదే తాతయ్య ప్రహరీగోడ దగ్గర మాటా మాటా పెరిగి సొంత తమ్ముడితో పదహారేళ్ళు మాట్లాడలేదు. ఆయన పోయినప్పుడు వెళ్ళాడు గానీ వాకిట్లోనే కూచుని వచ్చేశాడు. అది కూడా అభిమానమేనా తాతయ్యా అని ఒకసారి అడిగా. పేపర్ పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.