గోదావరి జిల్లాల్లో పాతకాలపు వినోదం ఇంకా ఎక్కడ దొరుకుతుంది?

సంక్రాంతికి అమ్మానాన్నల్ని, పిల్లల్ని తీసుకుని హైదరాబాదు నుంచి భీమవరం వస్తున్నామని, నాన్నగారు చిన్నప్పుడు చూసినలాంటి నాటకాల పందిరి, పాత సినిమా హాలు, తోలుబొమ్మలాట ఏవైనా మిగిలాయా అని అడిగారు. మిగిలాయండి. కాకపోతే ఊరి పేరుతోపాటు తేదీ కూడా చూసుకుని బయల్దేరాలి. మా వైపు పాత వినోదాల్లో సగానికి ఏడాదంతా తలుపులు తీసుకుని కూర్చునే చోటంటూ లేదు. పండగకి పందిరి లేస్తుంది, పండగవగానే రాటలు పీకేస్తారు.

మీరు వచ్చే వేళ మాత్రం చాలా బాగా కుదిరింది. భీమవరంలో మావుళ్ళమ్మవారి ఉత్సవాలు ఏటా జనవరి 13న మొదలై వారాల తరబడి సాగుతాయి. రాత్రిళ్లు అక్కడ వేదిక మీద నాటకాలు, హరికథలు ఉంటాయి. పౌరాణిక పద్యనాటకం ఏ రాత్రి పడిందో గుడి దగ్గర కనుక్కుని, ఆ రాత్రికి వేరే పని ఏదీ పెట్టుకోకండి. మిగతావన్నీ చూడలేకపోయినా ఇది ఒక్కటి చూడండి.

మాది పాలకొల్లు పక్క పల్లె. మా మేనమామకి మైకుసెట్టు ఉండేది. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఆయన వెంట వెళ్లి వైర్లు లాగాను కాబట్టి నాటకాన్ని ఎదురుగా కంటే పక్కనుంచే ఎక్కువ చూశాను. రాత్రి రెండింటికి దుర్యోధనుడు తెర వెనక కిరీటం తీసి ఒళ్లో పెట్టుకుని, రంగు చెదరకుండా పెదవి అంచున గ్లాసు ఆనించి వేడినీళ్లు తాగుతుండేవాడు. స్టేజీ మీద కృష్ణుడి రాగం పైకి అందుకోగానే గ్లాసు కింద పెట్టి, కళ్లు మూసుకుని తల ఊపేవాడు. ఇంకాసేపట్లో వెళ్లి ఆ కృష్ణుడి మీదే విరుచుకుపడాల్సిన మనిషి! ఎదుటివాడి విద్యని అంత ఇష్టంగా వినేవాళ్లని నేను మళ్లీ ఏ పనిలోనూ చూడలేదు.

పిల్లలకి ముందుగా కొన్ని సంగతులు చెప్పి తీసుకెళ్లండి. ఒకే నాటకంలో కృష్ణుడి వేషం ఇద్దరు ముగ్గురు కడతారు. నిద్రపోతున్న కృష్ణుడి దగ్గరికి అర్జునుడు, దుర్యోధనుడు సాయం అడగడానికి వచ్చే పడక సీనుకి ఒకాయన, రాయబారానికి ఇంకొకాయన. 'కృష్ణుడు మారిపోయాడేంటి' అని మా అబ్బాయి మొదటిసారి కంగారుపడ్డాడు. గంటల తరబడి పద్యాలు పాడటం ఒక గొంతుతో అయ్యే పని కాదు. పైగా జనానికీ ఫలానా సీను ఫలానా ఆయన నోటే వినాలని ఉంటుంది. హార్మోనిస్టు స్టేజీ ముందు పక్కగా కూర్చుంటాడు, నటుడి చూపు మాటిమాటికీ అటు వెళుతుంటుంది. పద్యం అయ్యాక తీసే రాగం కోసమే కొందరు మేలుకుని ఉంటారు. అది నచ్చితే 'వన్స్‌మోర్' అంటారు, కృష్ణుడు మళ్లీ మొదటినుంచి అందుకుంటాడు. నడుమ ఎవరో లేచి 116 రూపాయలు బహుమతి ఇస్తే, వాళ్ల పేరు మైకులో చదివాకే యుద్ధం ముందుకి సాగుతుంది. ఇదంతా నాటకానికి అడ్డం అనుకోవద్దు, నాటకంలో భాగమే.

ఈ కురుక్షేత్రం నాటకాలు రాసిన తిరుపతి వేంకట కవులు ఇద్దరూ మన నేలవాళ్లే. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారిది యండగండి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారిది కడియం. యండగండి భీమవరానికి దగ్గర్లోనే, ఉండి మండలంలో ఉంది. పగలు అటు వెళ్లి ఊరు చూసి, రాత్రికి అదే కవిగారి పద్యాలు స్టేజీ మీద వింటే ఎలా ఉంటుందో ఆలోచించండి. నేను ఒకసారి మా నాన్నని అలా తిప్పాను. ఆ రాత్రి ఆయన పద్యాలన్నీ నటుడికంటే ఒక మాట ముందే అనేస్తూ కూర్చున్నారు.

సురభి నాటకాల సంగతీ చెప్పాలి. ఆ సమాజం 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టింది. ఒకప్పుడు మా ఊళ్లలోనూ డేరాలు వేసుకుని నెలల తరబడి ఆడేవారు. ఇప్పుడు వాళ్లు మీ హైదరాబాదులోనే ఉన్నారు కాబట్టి అక్కడే చూసుకోవచ్చు.

సినిమా హాళ్ల దగ్గరికొస్తే నాకు కాస్త బాధగానే ఉంటుంది. మా చిన్నప్పటి హాలు ఇప్పుడు కల్యాణమండపం. అయినా చిన్న పట్టణాల్లో ఒంటి తెర హాళ్లు ఇంకా నడుస్తున్నాయి. కొత్త సినిమా విడుదల రోజు వద్దు, వారం పోయాక మ్యాట్నీకి వెళ్లండి. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని టిక్కెట్లు అమ్మిన కిటికీలు, వరస తప్పకుండా కట్టిన ఇనప కమ్మీల దారి, పాత అక్షరాలు ఇంకా కనబడే గోడలు కొన్నిచోట్ల అలాగే ఉన్నాయి. మేనేజరుగారిని మర్యాదగా అడిగితే క్యాబిన్ కూడా చూపిస్తారు. ఇప్పుడంతా డిజిటల్ అయినా, కొన్నింటిలో పాత ప్రొజెక్టర్లు మూలన నిలబెట్టి ఉంటాయి.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా ఊరి ఆపరేటరుగారు క్యాబిన్‌లోకి రానిచ్చారు. లోపల ఒకటే వేడి. రెండు కార్బన్ కడ్డీల కొనల మధ్య పుట్టే మంట వెలుగే కిందకి వెళ్లి తెరమీద బొమ్మవుతోంది. కడ్డీలు కాలి తరిగిపోతుంటాయి కాబట్టి ఆయన నల్ల అద్దంలోంచి చూస్తూ వాటిని దగ్గరికి జరుపుతూనే ఉండాలి. ఏమరితే తెర మసకబారి కింద ఈలలు మొదలవుతాయి. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలే వస్తుంది. అందుకే రెండు ప్రొజెక్టర్లు. తెర కుడిచేతి పై మూలలో చిన్న చుక్క మెరవగానే ఒకటి ఆపి రెండోది అందుకోవాలి. ఆ చుక్క ఎప్పుడొస్తుందో ఆయన చూపించాక నేను చాలా రోజులు సినిమా వదిలేసి చుక్కలే చూశాను. ఒక్కోసారి ఒకటే ప్రింటు రెండు ఊళ్లకి తిరిగేది. పక్క ఊళ్లో ఆడేసిన రీళ్ల బాక్సు సైకిల్ మీద కాలవగట్టున వచ్చేదాకా మాకు ఇంటర్వెల్ పూర్తయ్యేది కాదు. ఆ ఆలస్యానికి ఎవరూ పెద్దగా విసుక్కునేవారు కాదు, గోలీసోడా ఇంకొకటి తాగేవారు.

తోలుబొమ్మలాటకి సామర్లకోట దగ్గర మాధవపట్నం. తరతరాలుగా ఆడించే కుటుంబాలు అక్కడున్నాయి. అయితే ఊరికే వెళితే ఆట ఉండదు, ముందుగా మాట్లాడుకుని ఆడించుకోవాలి. తెల్ల పంచె తెర, వెనక దీపాలు, రంగులద్దిన తోలులోంచి వెలుగు దిగి వచ్చే రావణుడు. యుద్ధం వచ్చిందంటే కాళ్ల కింది చెక్కలు దడదడలాడిస్తారు. వీలైతే మీ పిల్లల్ని కాసేపు తెర వెనక్కి కూడా పంపమని అడగండి. ఒక్క మనిషి పాట పాడుతూ, చెక్కలు తొక్కుతూ, రెండు చేతులా రెండు బొమ్మలు ఆడించడం అక్కడైతేనే కనిపిస్తుంది. నవ్వించే బొమ్మలు జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చినప్పుడు మాత్రం ముందుకే వచ్చి కూర్చోవాలి. ఇంకొక్క మాట. వాళ్లు అడిగిన డబ్బు దగ్గర బేరం ఆడకండి. ఒక ఆటకి ఇంటిల్లిపాదీ పనిచేస్తారు, ఆటలు లేని నెలలే ఎక్కువ.

కనుమ రోజు మీరిక్కడే ఉంటే అంబాజీపేట దగ్గర జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లిరండి. పదకొండు ఊళ్ల రుద్రులు, అంటే ఆయా ఊళ్ల శివుళ్లు, వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన ప్రభల మీద ఆ కొబ్బరితోటకి వస్తారు. గంగలకుర్రు ప్రభని భుజాల మీద ఎత్తుకుని కౌశిక కాలవ నీళ్లలోంచి దాటిస్తుంటే చూసి తీరాలి. రంగులరాట్నం, జీళ్లు, బూరలు, పిల్లలకి కావలసినవన్నీ ఆ తీర్థంలోనే దొరుకుతాయి. జనం బాగా ఉంటారు, అమ్మగారి చెయ్యి వదలొద్దు.

రాజమండ్రి, కాకినాడ వైపు వెళితే చూడదగ్గ జాగాలు ఉన్నాయిగానీ అవి ఎక్కువగా జ్ఞాపకాలే. కందుకూరి వీరేశలింగంగారు కట్టించిన టౌన్‌హాలు రాజమండ్రిలో ఉంది. ఆంధ్రదేశంలో మొదటి సినిమా స్టూడియో దుర్గా సినీటోన్ 1936లో పెట్టింది కూడా ఆ ఊళ్లోనే. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాల్లో వేషాలు కట్టాకే ఎస్.వి. రంగారావుగారు, అంజలీదేవిగారు సినిమాల్లోకి వెళ్లారు. నాన్నగారికి ఆ కబుర్లు ఇష్టమైతే ఒకరోజు కేటాయించండి.

నాటకం రాత్రికి మాత్రం మంచు దిగుతుంది, పెద్దవాళ్లకి శాలువా, చెవులకి మఫ్లరు ఉండాలి. తొమ్మిదింటికి అని వేసినా పదిన్నర దాకా తెర లేవదు కాబట్టి పిల్లల్ని సాయంత్రమే ఓ నిద్ర పోనివ్వండి. హార్మోనిస్టు ఉన్న వైపు కూర్చుంటే పద్యం బాగా వినబడుతుంది. ఆ వైపు ముందు వరస కుర్చీలు త్వరగా అయిపోతాయి, ఎనిమిదింటికే ఎవరో ఒకరు వెళ్లి నాన్నగారికో కుర్చీ మీద తువ్వాలు వేసి రండి.