బోనస్ ఇస్తామంటున్నారు, 401కె డబ్బు కదపమంటారా?

ప్రశ్న: నమస్తే అన్నా. మేం టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటున్నాం, నాకు 38 ఏళ్లు, హెచ్1బీ, ఐ-140 (గ్రీన్‌కార్డు పిటిషన్) అయిపోయింది. పోయినేడాది కంపెనీ మారాను, పాత కంపెనీ 401కె (ఉద్యోగుల రిటైర్మెంట్ ఖాతా) లో 1,80,000 డాలర్లు అలాగే ఉండిపోయాయి. ఇప్పుడు ఒక యాప్ వాళ్లు ఆ డబ్బుని వాళ్ల ఐఆర్‌ఏ (సొంతంగా తెరుచుకునే రిటైర్మెంట్ ఖాతా) లోకి రోల్‌ఓవర్ చేస్తే, అంటే మారిస్తే, 1% బోనస్ ఇస్తామంటున్నారు, అంటే 1,800 డాలర్లు ఊరికే వస్తాయి, కాకపోతే 5 ఏళ్లు అక్కడే ఉంచాలట. నేను ప్రతి ఏడాదీ బ్యాక్‌డోర్ రాత్ చేస్తుంటాను. ఊళ్లో అమ్మానాన్నల ఆరోగ్యం చూస్తే మూడు నాలుగేళ్లలో ఇండియా వచ్చేస్తామేమో కూడా. రూమ్మేట్స్ గ్రూపులో అందరూ చేసేయ్ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు ఒక మాట, ఈ బోనస్ మోసం కాదు. రాబిన్‌హుడ్ లాంటి కంపెనీలు నిజంగానే ఇస్తున్నాయి, 2024 మొదట్లో గోల్డ్ మెంబర్లకి రోల్‌ఓవర్ల మీద 3% కూడా ఇచ్చారు. ఐఆర్‌ఏ లోపలే పడే బోనస్‌ని చాలావరకు వడ్డీలాగా చూస్తారు, ఆ ఏడాది మీరు వేసుకునే కాంట్రిబ్యూషన్ లిమిట్‌ని అది తినదు, టాక్స్ కూడా తీసుకునేటప్పుడే. అదే బోనస్‌ని మామూలు బ్రోకరేజ్ అకౌంట్‌లో వేస్తే మాత్రం ఆ ఏడాదే ఆదాయం కింద చూపించాలి, కాబట్టి ఏ అకౌంట్‌లో వేస్తారో అడగండి.

కానీ మీ విషయంలో మాత్రం వద్దు అనే చెప్తాను, కారణం మీ ఉత్తరంలోనే ఉంది, బ్యాక్‌డోర్ రాత్. ఇది మీ గ్రూపులో ఒక్కరు కూడా చెప్పలేదంటే నాకు బాధగా ఉంది. బ్యాక్‌డోర్ లో మీరు టాక్స్ కట్టేసిన డబ్బుని ట్రెడిషనల్ ఐఆర్‌ఏ లో వేసి వెంటనే రాత్ (తీసుకునేటప్పుడు పన్ను లేని ఖాతా) లోకి మారుస్తారు కదా, అక్కడ అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ మీ ఐఆర్‌ఏలన్నిటినీ కలిపి ఒకే కుండగా చూస్తుంది, డిసెంబర్ 31న ఆ కుండలో టాక్స్ కట్టని డబ్బు ఎంతుందో చూసి ఆ నిష్పత్తి ప్రకారం పన్ను వేస్తుంది. ఇప్పుడు మీ కుండ ఖాళీ, అందుకే పన్ను పడట్లేదు. 1,80,000 తెచ్చి అందులో పోస్తే, 2025 లిమిట్ 7,000 డాలర్ల లెక్కన చూడండి, ఆ 7,000 లో సుమారు 260 డాలర్లే పన్ను లేకుండా మారతాయి, మిగతా 6,740 మీ ఆదాయంలో కలుస్తాయి. మీరు 24% శ్లాబులో ఉన్నారనుకుంటే 1,600 డాలర్ల పైనే పన్ను. బోనస్ వచ్చేది ఒక్కసారి, 1,800. ఈ పన్ను ఏటా. ఆ పన్ను ఎప్పటికైనా కట్టాల్సిందే కదా అని ఎవరైనా అనొచ్చు, నిజమే, కానీ జీతం బాగా వస్తున్న ఈ రోజుల్లో కట్టడం వేరు, రిటైరయ్యాక తక్కువ శ్లాబులో కట్టడం వేరు.

401కె లో ఉన్న డబ్బు ఈ లెక్కలోకి అసలు రాదు. కాబట్టి మీ కొత్త కంపెనీ 401కె ప్లాన్ పాత డబ్బుని తీసుకుంటుందా అని హెచ్‌ఆర్‌ని అడగండి, చాలా ప్లాన్లు తీసుకుంటాయి. అక్కడ బోనస్ రాదు, కానీ బ్యాక్‌డోర్ ఆగదు. లేదంటే పాత ప్లాన్‌లోనే వదిలేయండి, 7,000 డాలర్లు దాటిన బ్యాలెన్స్‌ని వాళ్లు మిమ్మల్ని అడక్కుండా బయటికి పంపలేరు. అన్నట్టు పాత ప్లాన్‌లో ఫండ్ల ఖర్చు ఎంతో కూడా చూసుకోండి. పెద్ద కంపెనీల ప్లాన్లలో ఇండెక్స్ ఫండ్లు చాలా చవగ్గా ఉంటాయి, అవి వదిలి బయట ఏడాదికి అర శాతం ఎక్కువ ఖర్చున్న ఫండ్‌లో పడ్డారంటే 1,80,000 మీద ఏడాదికి 900, రెండేళ్లలో బోనస్ అయిపోతుంది.

ఇక ఆ 5 ఏళ్ల షరతు. మూడు నాలుగేళ్లలో వచ్చేద్దామనుకునేవాళ్లకి ఇది పెద్ద విషయం. గడువు లోపల డబ్బు తీసినా వేరేచోటికి మార్చినా బోనస్ వెనక్కి తీసుకుంటారు, అది సరే అనుకుందాం, అసలు చిక్కు ఏంటంటే ఇండియా అడ్రస్ పెట్టగానే కొన్ని బ్రోకరేజీలు అకౌంట్ మూసుకోమంటాయి లేదా కొనడం ఆపేస్తాయి. అందుకని ఎక్కడ పెట్టినా చేరకముందే 'నేను ఇండియాలో ఉంటే అకౌంట్ ఉంచుతారా' అని రాతపూర్వకంగా అడిగి జవాబు దాచుకోండి. ఇండియా వైపు కూడా ఒకటుంది, 2021లో తెచ్చిన 89ఎ సెక్షన్ వల్ల అమెరికా, బ్రిటన్, కెనడా రిటైర్మెంట్ ఖాతాల్లో ఏటా పెరిగే సొమ్ము మీద ఇక్కడ అప్పటికప్పుడు కాకుండా తీసుకున్నప్పుడే పన్ను కట్టే వీలొచ్చింది, దానికి పన్ను శాఖ చెప్పిన ఫారం వేయాలి, 1961 ఆదాయపన్ను చట్టంలో అది 10-ఈఈ. కానీ ఆ ఖాతా మీరు అక్కడ రెసిడెంట్‌గా, ఇండియాకి నాన్ రెసిడెంట్‌గా ఉన్నప్పుడు తెరిచినదై ఉండాలి. అంటే మార్చే పని ఏదున్నా ఫ్లైట్ ఎక్కకముందే ముగించుకోవాలి, ఇక్కడికొచ్చాక కొత్తగా తెరుద్దాంలే అనుకోవద్దు.

ఎక్కడికి మార్చినా సరే, చెక్కు మీ పేరు మీద రాకూడదు. ఇది నేను అనుభవించి చెప్తున్నాను. నేను అక్కడ ఉద్యోగం చేసిన రోజుల్లో 62,000 డాలర్లు మారుద్దామని పాత ప్లాన్ వాళ్లకి ఫోన్ చేసి 'రోల్‌ఓవర్' అన్నాను, అంతే అన్నాను, 'డైరెక్ట్' అనలేదు, ఫోన్‌లో ఆ అమ్మాయి అడగనూ లేదు. పది రోజులకి కవర్ వచ్చింది, విప్పి చూస్తే చెక్కు మీద నా ఒక్కడి పేరే ఉంది, అంకె 49,600. మిగతా 12,400 ఐఆర్‌ఎస్ కి వెళ్లిపోయింది, 20% తప్పనిసరిగా కోస్తారు. 60 రోజుల్లో పూర్తి 62,000 కొత్త అకౌంట్‌లో పడకపోతే ఆ తగ్గిన ముక్క ఆదాయం అయిపోతుంది, 59న్నర ఏళ్లు నిండలేదు కాబట్టి పైన 10% పెనాల్టీ. 12,400 కోసం బావమరిది దగ్గర అప్పు చేసి 53వ రోజున వేశాను, కోసిన డబ్బు మరుసటి ఏడాది రిటర్న్ వేశాక గానీ రాలేదు. ఆ యాభై రోజులు మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మీ మొత్తానికైతే కోత 36,000 డాలర్లు, ఆలోచించండి. చెక్కు మీద కొత్త సంస్థ పేరు, పక్కన ఎఫ్‌బీఓ ('ఫలానావారి కోసం') అని, ఆ తర్వాత మీ పేరు ఉండాలి. మరుసటి జనవరిలో 1099-ఆర్ ఫారం వస్తుంది, 7వ గడిలో 'జి' అని ఉంటే సరిగ్గా జరిగినట్టు, పన్ను లేకపోయినా రిటర్న్‌లో చూపించాలి.

ఇంకొకటి, పాత ఫండ్లు అమ్మి చెక్కు దారిలో ఉన్నన్ని రోజులు మీ డబ్బు మార్కెట్‌లో ఉండదు. 2025 ఏప్రిల్ 9న ఎస్అండ్‌పీ 500 ఒక్క రోజులో 9.5% పెరిగింది, ఆ రోజు పోస్టులో చెక్కు ఉన్నవాళ్లకి ఏ బోనసూ ఆ నష్టాన్ని పూడ్చదు. పడిపోయే రోజైతే లాభమే అనుకోండి, మన చేతిలో లేదు. వీలైతే చెక్కు కాకుండా ఎలక్ట్రానిక్‌గా పంపమనండి.

ప్రశ్న: అన్నయ్యా, నేను లండన్ దగ్గర ఎన్‌హెచ్‌ఎస్ హాస్పిటల్‌లో నర్సుని. పెన్షన్ మా దగ్గరికి మార్చుకుంటే క్యాష్‌బ్యాక్ అని ప్రకటనలు వస్తున్నాయి. నా ఎన్‌హెచ్‌ఎస్ పెన్షన్ మార్చొచ్చా? అంతకుముందు ఏజెన్సీలో చేసినప్పటి చిన్న పెన్షన్ కూడా ఒకటుంది.

జవాబు: చెల్లెమ్మా, ఎన్‌హెచ్‌ఎస్ పెన్షన్‌ని ఆ ప్రకటనల్లో చెప్పే సిప్ (ఎవరికివారు నడుపుకునే ప్రైవేటు పెన్షన్, మన మ్యూచువల్ ఫండ్ సిప్ కాదు) లోకి మార్చడం కుదరదు, 2015 ఏప్రిల్ నుంచి చట్టమే ఒప్పుకోదు. ఎవరైనా మారుస్తామంటే ఫోన్ పెట్టేయండి. అది జీవితాంతం వచ్చే గ్యారంటీ పెన్షన్, ధరలతో పాటు పెరుగుతుంది, దాన్ని ఏ క్యాష్‌బ్యాక్‌తోనూ పోల్చకండి.

ఏజెన్సీ నాటి చిన్న మొత్తం మార్చుకోవచ్చు. ముందు దాని ఛార్జీ చూడండి, ఆటో ఎన్‌రోల్‌మెంట్ (కంపెనీ తానే చేర్చే పెన్షన్) డిఫాల్ట్ ఫండ్లకి 0.75% గరిష్ఠ పరిమితి ఉంది, చాలా వాటికి అంతకన్నా తక్కువే. కొత్త చోట ప్లాట్‌ఫాం ఫీజు, ఫండ్ ఫీజు కలిపి అంతకన్నా ఎక్కువైతే క్యాష్‌బ్యాక్ ఎంతైనా వద్దు. డబ్బు చేతికొచ్చే వయసు ఇప్పుడు 55, 2028 ఏప్రిల్ 6 నుంచి 57, అంతకుముందే తీసిస్తామన్నవాళ్లు దొంగలు.

ప్రశ్న: సార్, మాది కూకట్‌పల్లి. పీఎఫ్ మొత్తం తీసి పెన్షన్ ప్లాన్‌లో పెడితే బోనస్ వస్తుందని, తన కమిషన్‌లో కూడా కొంత ఇస్తానని ఒక ఏజెంట్ వెంటపడుతున్నాడు. ఇంకొకరు ఫోన్ చేసి యూఏఎన్ (పీఎఫ్ నంబర్), ఓటీపీ అడుగుతున్నారు. నా సర్వీస్ 4 ఏళ్లు.

జవాబు: పీఎఫ్‌ని ఎన్‌పీఎస్ (ప్రభుత్వ జాతీయ పెన్షన్ పథకం) లోకి మార్చుకునే వీలు 2017 నుంచి ఉంది, కానీ అందుకు ప్రభుత్వం ఏ బోనసూ ఇవ్వదు. మీరు చెప్పేది అది కూడా కాదు, తీసేసి పాలసీ కొనమంటున్నాడు. 5 ఏళ్ల సర్వీస్ నిండకముందే తీస్తే ఆ డబ్బు మీద పన్ను పడుతుంది, 50,000 రూపాయలు దాటితే పాన్ ఉన్నా 10% టీడీఎస్ కోస్తారు. 2024-25 కి 8.25% వడ్డీ ఇచ్చిన ఖాతాని ఇంకొక్క ఏడాది ఆగకుండా పగలగొట్టమనడం అన్యాయం. కమిషన్‌లో వాటా ఇస్తాననడం 1938 ఇన్సూరెన్స్ చట్టం 41వ సెక్షన్ ప్రకారం నేరం, ఆ మాట అతని ముందే చెప్పండి, మళ్లీ రాడు. ఉద్యోగం మారితే అదే యూఏఎన్ కొత్త కంపెనీకి ఇచ్చి ట్రాన్స్‌ఫర్ పెట్టుకోండి, పాత సర్వీస్ కూడా కలుస్తుంది.

ఓటీపీ అడిగినవాళ్లకి ఏమీ చెప్పకండి, ఈపీఎఫ్‌ఓ ఫోన్ చేసి ఓటీపీ అడగదు. ఇప్పటికే చెప్పేసి ఉంటే ఈ రోజే యూఏఎన్ పాస్‌వర్డ్ మార్చి, ఏదైనా క్లెయిమ్ పెట్టారేమో పోర్టల్‌లో చూసి, అనుమానముంటే 1930 కి ఫోన్ చేయండి.