అక్కా, ఇక్కడ బీఈడీ ఎక్కడ చేయాలి?

పోయిన నెల ఇక్కడ టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఒక సీమంతానికి వెళ్తే, పక్కన కూర్చున్న అమ్మాయి అడిగిన మాట ఇది. నల్గొండ వైపు అమ్మాయి. బీఎస్సీ మ్యాథ్స్, ఆపైన బీఈడీ చేసింది, ప్రైవేటు స్కూల్లో మూడేళ్లు పాఠాలు చెప్పింది. పెళ్లయి టెక్సాస్ వచ్చి ఎనిమిది నెలలట. "ఆన్‌లైన్‌లో ఎడ్యుకేషన్ మాస్టర్స్ ఒకటి చూశానక్కా, శుక్రవారంలోపు ఫీజు కట్టేయాలి" అంది. కట్టొద్దని అక్కడికక్కడే చెప్పాను. ఆ హడావుడిలో పూర్తిగా వివరించలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మన దగ్గర దారి సూటిగా ఉంటుంది: డిగ్రీ, బీఈడీ, టెట్, డీఎస్సీ. అమెరికాలో ఏ రాష్ట్రం సర్టిఫికెట్ ఆ రాష్ట్రానిదే, నిబంధనలూ వేరు వేరు. నాకు తెలిసింది టెక్సాస్ కాబట్టి దాని గురించే చెబుతాను. ఇక్కడ టీచర్ సర్టిఫికెట్ రావాలంటే బ్యాచిలర్స్ డిగ్రీ ఉండాలి, రాష్ట్రం ఆమోదించిన 'ఎడ్యుకేటర్ ప్రిపరేషన్ ప్రోగ్రాం', అంటే టీచర్ శిక్షణ కోర్సు, ఒకటి పూర్తి చేయాలి, టెక్సెస్ అనే రాష్ట్ర టీచర్ పరీక్షలు పాసవ్వాలి, వేలిముద్రలు ఇచ్చి బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించుకోవాలి. అందరూ పొరబడేది రెండో దాని దగ్గరే. డిగ్రీ పేరులో 'ఎడ్యుకేషన్' అని ఉన్నంత మాత్రాన అది సర్టిఫికెట్ వైపు తీసుకెళ్తుందని కాదు. కరిక్యులం, లీడర్‌షిప్ లాంటి మాస్టర్స్ చాలావరకు అప్పటికే టీచర్లుగా ఉన్నవాళ్ల కోసం పెట్టినవి. నాకు బాగా తెలిసిన ఒకావిడ రెండేళ్లు రాత్రిళ్లు మేలుకుని, పసిపిల్లను ఒళ్లో పెట్టుకుని అసైన్‌మెంట్లు రాసి, మంచి గ్రేడ్లతో ఎంఈడీ చేసింది. ఉద్యోగానికి అప్లై చేసినప్పుడుగానీ తెలియలేదు, ఆ కోర్సుతో సర్టిఫికెట్ రాదని. ఆ రోజు ఆమె ఫోన్లో ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది.

కాబట్టి ఫీజు కట్టేముందు అడ్మిషన్ల వాళ్లను ఒక్కటే అడగండి: "ఈ కోర్సు పూర్తి చేస్తే టెక్సాస్ సర్టిఫికెట్‌కి మీరే నన్ను రికమెండ్ చేస్తారా, ఏ సబ్జెక్టుకి, ఏ తరగతులకి?" జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. తర్వాత టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ ఆమోదించిన ప్రోగ్రాముల జాబితాలో ఆ పేరుందో లేదో మీరే చూసుకోండి.

ఇంకా డిగ్రీ లేనివాళ్లకి, హైస్కూల్ అయిపోతున్న మన పిల్లలకి, డిగ్రీలోనే టీచర్ శిక్షణ కలిసి వచ్చే కోర్సులున్నాయి. చిన్న తరగతులకు చెప్పాలనుకునేవాళ్లు కొన్నేళ్ల కిందటి వరకు ఎక్కువగా 'ఇంటర్‌డిసిప్లినరీ స్టడీస్' అనే డిగ్రీ తీసుకునేవాళ్లు. డెంటన్‌లో యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సాస్, టెక్సాస్ ఉమన్స్ యూనివర్సిటీ రెండిటికీ టీచర్లను తయారుచేయడంలో మంచి పేరుంది. ఖర్చు తగ్గాలంటే మొదటి రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో 'అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్ ఇన్ టీచింగ్' చేసి యూనివర్సిటీకి మారవచ్చు. నాకు మాత్రం అన్నిటికంటే నచ్చింది యూటీచ్ పద్ధతి. 1997లో ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌లో మొదలైంది. అందులో పిల్లలు మ్యాథ్స్‌లోనో సైన్స్‌లోనో డిగ్రీ చేస్తూనే టీచర్ శిక్షణ కూడా పొందుతారు. మొదట్లోనే నిజమైన క్లాసురూముకి పంపుతారు, ఈ పని తనకు సరిపడుతుందో లేదో పిల్లకే తెలిసిపోతుంది. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద చదివేవాళ్లకి ఇంకో లాభం ఉంది. డిగ్రీ మ్యాథ్స్‌దైతే చదువయ్యాక ఇక్కడ పనిచేసే అనుమతికి మ్యాథ్స్, సైన్స్ లాంటి డిగ్రీలవాళ్లకిచ్చే పొడిగింపు (స్టెమ్ ఓపీటీ) అడగవచ్చు, మామూలు ఎడ్యుకేషన్ డిగ్రీలకు చాలావరకు అది ఉండదు. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లు, టీచర్ కాబోయేవాళ్ల చదువుకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే 'టీచ్ గ్రాంట్' గురించి కనుక్కోండి. కాకపోతే వాళ్లు పెట్టిన షరతు ప్రకారం అన్నాళ్లు, అలాంటి చోట టీచర్‌గా పనిచేయకపోతే ఆ గ్రాంట్ వడ్డీతో సహా అప్పుగా మారుతుంది, జాగ్రత్త.

ఇండియాలో డిగ్రీ చేసి వచ్చినవాళ్లకి మళ్లీ నాలుగేళ్ల డిగ్రీ అక్కర్లేదు. డిగ్రీ ఉన్నవాళ్ల కోసం ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్ అని వేరే ప్రోగ్రాములున్నాయి. యూనివర్సిటీలూ నడుపుతాయి, బయటి సంస్థలూ నడుపుతాయి. ముందు మన డిగ్రీ అమెరికా బ్యాచిలర్స్‌తో సమానమని ఎవాల్యుయేషన్ చేయించాలి, అంటే మన చదువును పరిశీలించి ఇచ్చే రిపోర్టు తెచ్చుకోవాలి. బీటెక్‌కి సాధారణంగా ఇబ్బంది రాదు. మూడేళ్ల బీఎస్సీ, బీకామ్ ఒక్కటే ఉంటే పేచీ వస్తుంది, అందుకే బీఈడీ, ఎమ్మెస్సీ ఏవి ఉంటే అవన్నీ కలిపి పంపాలి. రిపోర్టు 'కోర్స్ బై కోర్స్' రకమే, అంటే చదివిన ఒక్కో సబ్జెక్టూ విడిగా చూపించేదే, అడగండి. నేను తక్కువ ఖర్చని డిగ్రీ పేరు మాత్రమే ఉండే రకం తీసుకున్నాను, అది పనికిరాలేదు, మళ్లీ కట్టాను. రెండోసారి ట్రాన్స్‌క్రిప్టులు సీల్డ్ కవర్లో తెప్పిస్తే, గుంటూరులో మా నాన్న అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూద్దామని కవరు చింపేశారు! పాపం, మళ్లీ నాలుగుసార్లు యూనివర్సిటీ చుట్టూ తిరిగారు. ఇంకా విమానం ఎక్కనివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, బీఈడీతో సహా అన్ని ట్రాన్స్‌క్రిప్టులూ రెండేసి సీల్డ్ కవర్లు తెచ్చుకోండి. ఇంట్లోవాళ్లకి తెరవొద్దని చెప్పండి.

టెక్సెస్ పరీక్షలకు భయపడక్కర్లేదు. పాస్ మార్కు 240. ఒక్కో పరీక్ష ఐదుసార్లు మాత్రమే రాయనిస్తారు కాబట్టి ఊరికే ఒకసారి రాసి చూద్దామని మాత్రం వెళ్లకండి. ఆరో తరగతి వరకు పిల్లలకు అన్ని సబ్జెక్టులూ చెప్పే సర్టిఫికెట్ కోరుకుంటే, చదవడం నేర్పే శాస్త్రం మీద 2021 నుంచి ఇంకో పరీక్ష ఉంది. మనకు అలవాటులేని విషయం అది, దానికి ఎక్కువ టైం పెట్టుకోండి.

వీసా సంగతి మొదటే చూసుకోండి. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద చదువుకోవచ్చు, కానీ ఈఏడీ అనే పని అనుమతి కార్డు లేకుండా జీతానికి పని చేయకూడదు. ఆల్టర్నేటివ్ దారిలో చాలామంది జీతంతో ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ చేస్తారు, ఈఏడీ లేకపోతే అది కుదరదు. జీతం లేకుండా స్కూల్లో చేసే శిక్షణ (క్లినికల్ టీచింగ్) అయినా సరే, లాయర్ని అడిగాకే ఒప్పుకోండి.

ఈఏడీ ఉన్నవాళ్లు కోర్సులో చేరేలోపు సబ్‌స్టిట్యూట్ టీచర్‌గానో క్లాసులో సాయం చేసే ఎయిడ్‌గానో కొన్నాళ్లు పని చేయండి. నేను అలా చేయలేదు, దాని ఫలితం ఇక్కడ క్లాసులో పాఠం చెప్పిన మొదటి రోజే చూశాను. బోర్డు ముందు నిలబడి, "త్రీ ఇంటూ ట్వెల్వ్ ఎంత?" అని అడిగాను. క్లాసంతా ఒకే గొంతుతో "ఫోర్" అంది. నేను కాదన్నాను, మళ్లీ అడిగాను, మళ్లీ ఫోరే. నాకు చెమటలు పట్టాయి. మనకు ఇంటూ అంటే గుణకారం. ఇక్కడ త్రీ ఇంటూ ట్వెల్వ్ అంటే పన్నెండులో మూడు ఎన్నిసార్లు పోతుందని. వెనక బెంచీలో ఉన్న మెంటర్ టీచర్ లేచి వచ్చి, నా చేతిలోంచి మార్కర్ తీసుకుని, మూడు పక్కన గుణకారం గుర్తు వేసి, "టైమ్స్" అని నెమ్మదిగా చెప్పి వెళ్లి కూర్చుంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా పాప నోట్‌బుక్‌లో మాటల పట్టిక మొదలుపెట్టాను: ఇంటూ బదులు టైమ్స్, జెడ్ బదులు జీ, రబ్బర్ బదులు ఎరేజర్. సీమంతంలో కలిసిన ఆ అమ్మాయికి నిన్ననే దాని ఫోటో తీసి పంపాను.