హోటల్ పేరుతో వచ్చిన ఆ లింకు నొక్కకండి

ప్రశ్న: జనవరి చివర్లో నలుగురు స్నేహితులం పక్షులు చూడటానికి జపాన్‌లోని హొక్కైడో వెళ్తున్నాం. కుషిరోలో ఒక చిన్న హోటల్, పక్కనే ట్సురుయి గ్రామంలో ఒక గెస్ట్‌హౌస్ బుకింగ్ యాప్‌లో చవగ్గా దొరికాయి. నిన్న ఆ యాప్ చాట్‌లోనే హోటల్ నుంచి మెసేజ్ వచ్చింది. ‘మీ కార్డు వెరిఫికేషన్ పూర్తి కాలేదు, 12 గంటల్లో ఈ లింకులో వివరాలు ఇవ్వకపోతే బుకింగ్ రద్దవుతుంది’ అని. పేరు, తేదీలు, రేటు అన్నీ కరెక్టే. యాప్ లోపలే వచ్చింది కాబట్టి నమ్మొచ్చా? (హనుమకొండ నుంచి ఒక పాఠకుడు)

నమ్మొద్దు, నొక్కొద్దు. అది హోటల్‌వాళ్లు పంపింది కాదు, హోటల్ అకౌంట్‌లోకి చొరబడ్డవాడు పంపింది. ఊరి పేరు మారుతుందే తప్ప ఈ ఫిర్యాదు నాకు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. అందుకే ఈసారి మిగతా సందేహాలు తగ్గించి దీనికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ముందుగా హోటల్ రిసెప్షన్‌కి ఒక మెయిల్ వెళ్తుంది. ఎవరో అతిథి ఫిర్యాదు చేసినట్టో, బుకింగ్ కంపెనీయే నోటీసు పంపినట్టో ఉంటుంది. అందులోని లింకు తెరిస్తే ‘మీరు రోబో కాదని నిరూపించుకోండి’ అనే పేజీ వస్తుంది. మామూలుగా అయితే టిక్ పెడితే సరిపోవాలి. ఇక్కడ మాత్రం కీబోర్డు మీద విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, తెరుచుకున్న పెట్టెలో పేస్ట్ చేసి ఎంటర్ కొట్టమంటారు. అలా పేస్ట్ అయ్యేది, ఆ పేజీ గుట్టుగా కాపీ చేసిపెట్టిన, పాస్‌వర్డులు దోచే ప్రోగ్రామ్‌ని కంప్యూటర్‌లోకి దించే ఆదేశం. భార్యాభర్తలే నడుపుకునే గెస్ట్‌హౌస్‌లో వంట, వాకిట్లో మంచు ఎత్తిపోయడం, బుకింగులు చూడటం అన్నీ వాళ్లే. హడావిడిలో ఎంటర్ కొట్టేస్తారు. ఆ తర్వాత దొంగ హోటల్ లాగిన్‌తోనే లోపలికి వచ్చి, రాబోయే అతిథుల లిస్టు ముందు పెట్టుకుని ఒక్కొక్కరికీ మెసేజ్ పెడతాడు. మీ వివరాలన్నీ కరెక్టుగా ఉండటానికి కారణం అదే. వివరాలు సరిపోయినంత మాత్రాన మెసేజ్ నిజమైపోదు.

‘ఓటీపీ ఇవ్వకపోతే డబ్బు పోదు కదా’ అనే ధీమా మనవాళ్లలో బాగా ఉంది. విదేశీ సైట్లలో చాలాచోట్ల కార్డు నంబరు, గడువు తేదీ, వెనక ఉన్న మూడంకెలు చాలు, ఓటీపీ అడగకుండానే కట్ అవుతుంది. 2020 నుంచి ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం ప్రతి బ్యాంకూ కార్డుకు విదేశీ లావాదేవీలు ఆన్, ఆఫ్ చేసుకునే వీలు, లిమిట్ పెట్టుకునే వీలు ఇవ్వాలి. గది డబ్బు కట్టేటప్పుడు ఆన్ చేయండి, కట్టగానే ఆఫ్ చేయండి. ప్రయాణంలో వాడే కార్డుకి రోజుకి ఎంత అవసరమో అంతే లిమిట్ పెట్టండి. ఇప్పటికే వివరాలు ఇచ్చేసినవాళ్లు కార్డు వెంటనే బ్లాక్ చేసి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. రేపు చేద్దాంలే అనుకోవద్దు.

ఇంకొందరిని పాస్‌పోర్టు ఫొటో వాట్సాప్‌లో పంపమని అడుగుతున్నారట. జపాన్‌లో చిరునామా లేని విదేశీయుల పాస్‌పోర్టు చూసి కాపీ తీసుకోవాలన్న నియమం అక్కడి హోటళ్లకు నిజంగానే ఉంది. కానీ ఆ పని చెక్-ఇన్ రోజున కౌంటర్ దగ్గర జరుగుతుంది. మనుషులుండని మిన్‌పాకు ఇళ్లలో, అంటే సొంత ఇళ్లను అద్దెకిచ్చే పద్ధతిలో, ట్యాబ్‌లో చూపించమంటారు, అదీ సరే. తెలియని నంబరుకు వారాల ముందే ఫొటో పంపాల్సిన పని లేదు. మిన్‌పాకులకు 2018లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, ‘ఎం’ అక్షరంతో మొదలవుతుంది. మిన్‌పాకు అని చెప్పుకుంటూ ప్రకటనలో ఆ నంబరు పెట్టని ఇంటికి, రేటు ఎంత తక్కువైనా, అడ్వాన్స్ కట్టకండి.

నా కోపం చిన్న హోటళ్లవాళ్ల మీద కాదు, పాఠకుల మీద అంతకన్నా కాదు. ఈ చాట్ విండోని తయారుచేసినవాళ్ల మీద. హోటల్ లాగిన్లు దొంగల చేతికి పోతున్నాయని ఈ రంగంలో అందరికీ తెలుసు. అయినా చాట్‌లో బయటి లింకు పెట్టనిస్తారు, అదీ అసలు మెసేజ్ ఉన్న డబ్బాలోనే, అదే రంగులో. డబ్బు సంగతి వచ్చిన ప్రతి మెసేజ్‌నీ యాప్‌లోని పేమెంట్ పేజీకే మళ్లిస్తే ఈ మోసంలో సగం ఆగిపోతుంది. అది చేయరు. ‘ఇంకో ముగ్గురు ఇదే గది చూస్తున్నారు’ అని టెన్షన్ పెట్టడానికి మాత్రం ప్రతి అప్‌డేట్‌లోనూ కొత్త బొమ్మ చేరుస్తారు. కస్టమర్‌ని తొందరపెట్టడం యాప్‌వాళ్లే అలవాటు చేశాక, ‘12 గంటల్లో రద్దు’ అని దొంగ తొందరపెడితే జనం అనుమానించరు. ఆ తప్పు యాప్‌వాళ్లదే.

మీరు చేయాల్సింది ఇది. యాప్ మూసి మళ్లీ తెరిచి బుకింగ్ పేజీ చూడండి. అక్కడ బాకీ కనిపించకపోతే బాకీ లేనట్టే. ఇంకా అనుమానంగా ఉంటే హోటల్ సొంత సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేయండి, చాట్‌లో ఇచ్చిన నంబరుకు కాదు. ఫిబ్రవరి మొదట్లో సప్పొరో మంచు పండగ వల్ల హొక్కైడోలో గదుల రేట్లు పెరుగుతాయి. జనవరి చివర అనుకోవడం మంచి పని.

అదే పాఠకుడి రెండో ప్రశ్న: చలికి ఫోన్ ఆగిపోతుందా?

ఆగిపోతుంది, అదీ మీకు కావాల్సిన సమయంలోనే. ట్సురుయిలో ఒటోవా వంతెన మీద తెల్లవారుజామున అందరూ ట్రైపాడ్లు పెట్టుకుని నిలబడతారు. కింద సెట్సురి నదిలో, గడ్డకట్టని నీళ్లలో టాంచో సారసాలు నిలబడి నిద్రపోతుంటాయి. పొగమంచు లేచేది, చెట్లకు తెల్లటి మంచు పట్టేది బాగా చలిగా ఉన్న రోజే, సున్నాకి పది పదిహేను డిగ్రీలు కింద. ఆ చలిలో లిథియం బ్యాటరీ లోపల రసాయన చర్య మందగించి వోల్టేజ్ పడిపోతుంది, 30 శాతం చూపిస్తూనే ఫోన్ ఆరిపోతుంది. వేడెక్కాక మళ్లీ లేస్తుంది కాబట్టి కంగారు వద్దు. ఫోన్, కెమెరా స్పేర్ బ్యాటరీలు స్వెటర్ లోపలి జేబులో ఉంచండి. గడ్డకట్టిన ఫోన్‌ని పవర్ బ్యాంక్‌కి మాత్రం తగిలించకండి. సున్నా కింద చార్జింగ్ పెడితే బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. గదిలోకి రాకముందే కెమెరాని జిప్ కవర్లో పెట్టి మూయండి, చెమ్మ కవర్ మీదే పడుతుంది. పవర్ బ్యాంక్ చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్-అవర్లు, 100 లోపే కాబట్టి ఇబ్బంది లేదు.

ఇంకో పాఠకురాలి ప్రశ్న: గుడ్లగూబ ఫొటో గ్రూపులో పెడితే తప్పేంటి?

ఫొటో పెట్టడంలో తప్పు లేదు, దాంతోపాటు వెళ్లే జీపీఎస్ గుర్తుతోనే చిక్కు. హొక్కైడోలోని బ్లాకిస్టన్ చేప గుడ్లగూబ చాలా అరుదైన పక్షి, గూడు ఎక్కడుందో తెలిస్తే జనం ఎగబడతారు. పక్షులు ఎక్కడ కనిపించాయో నమోదు చేసే ఈబర్డ్ సైట్ కూడా కొన్ని సున్నితమైన జాతుల కచ్చితమైన చోటు బయటపెట్టదు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే లొకేషన్ పోతుంది. క్వాలిటీ తగ్గకూడదని డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్లిపోతుంది. మన పక్షుల గ్రూపుల్లో ఎక్కువమంది పంపేది డాక్యుమెంట్‌గానే. ట్రిప్‌కి బయల్దేరే ముందే కెమెరా యాప్ సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయండి.